కారు మెఱుగుమీది వలయరేఖలు

విద్యార్థులారా! మన పెదపాడునుండి ఏలూరు పోవు దారిలో గాని, జాతీయ రహదారి ప్రక్కనున్న హోటళ్ల ముంగిట గాని నిలిచియున్న నల్లని కారును ఎండలో ఎప్పుడైన పరికించితిరా? దూరమునుండి చూచినపుడు అది అద్దమువలె తళతళలాడుచుండును. దగ్గఱకు పోయి చూచినచో, ఎండ తగిలి మెఱయుచున్న చోటి చుట్టును సాలెగూటి పోగులవంటి సన్నని గీతలు వలయములు వలయములుగా కనబడును. తెల్లకారుమీదను, వెండిరంగు కారుమీదను ఇవి అంతగా తెలియవు. నలుపు, ముదురు నీలము, ముదురెఱుపు రంగులమీద చక్కగా తెలియును. వీనిని పనివారు స్వర్ల్ మార్కులందురు. ఈ పాఠమున మనము వలయరేఖలని పిలుచుకొందము. అవి యెట్లు పుట్టునో, ఏల గుండ్రముగా కనబడునో, పాలిషు పట్టుటచే ఎట్లు పోవునో, అసలు పుట్టకుండ ఏమి చేయవలెనో చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

“కారు కలవారికి గదా ఈ గొడవ, బడిపిల్లలకేల?” అని మీలో కొందఱనుకొనవచ్చును. మీ తండ్రులలో కొందఱు కారు నడుపుటచే జీవించువారు. మీ యన్నలలో కొందఱు బండ్లు కడుగు షెడ్లలో పని నేర్చుకొనుచున్నారు. అంతేగాక, వెలుతురు ఎట్లు ప్రతిఫలించునో, గట్టిదనమనగా నేమో, మిల్లీమీటరులో వెయ్యవ భాగమెంతయో మీరు తరగతిలో చదివిన సంగతులన్నియు ఈ యొక్క గీతలో ఇమిడియున్నవి.

నేనీ విషయమును మొదట పుస్తకమువలన నేర్వలేదు. ఒక తప్పు చేసి నేర్చుకొంటిని. కొన్ని యేండ్ల క్రిందట ముదురు నీలపురంగు పాతకారు నొకదానిని కొంటిని. క్రిస్మసు సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి బాలుడొకడు, నేను వలదనుచున్నను వినక, బకెట్టును గుడ్డను తెచ్చి దానిని కడిగెను. మఱునాటి యెండలో చూచునప్పటికి కారునిండ వలయరేఖలే! తరగతిలో అందఱియెదుటను ఆ బాలుని మందలించితిని. “ఇసుకగుడ్డతో రుద్ది బండిని పాడుచేసితివి” అంటిని. వాడు తల వంచుకొని, “పైకప్పు నాకు అందలేదు మాస్టారూ, తలుపులు మాత్రమే కడిగితిని” అని ఊరకుండెను. నేనా మాటను సాకుగా నెంచి చెవిని బెట్టలేదు. నిజమునకు నేను వెదకవలసిన సమాధానము ఆ మాటలోనే యుండెను. అది యెట్లో ఈ పాఠము ముగియులోపల మీకును బోధపడగలదు.

రంగు పొరలు

కారుతలుపును చూచి దానిపైనున్నది ఒకే రంగుపూత యనుకొందుము. అట్లు కాదు. ఉక్కురేకును మొదట శుభ్రపఱచి దానిపై ఫాస్ఫేటు పొరను పట్టింతురు. తరువాత కారుశరీరము నంతటిని తొట్టిలో ముంచి, విద్యుచ్ఛక్తి సహాయమున తుప్పు పట్టనీయని పొరను అంటింతురు. దానిమీద ప్రైమరు, దానిమీద రంగునిచ్చు బేసుకోటు, అన్నిటికిపైన రంగులేని పారదర్శకమగు క్లియర్ కోటు వేయుదురు. మనకు మెఱుపుగా కనబడునది ఈ కడపటి పొరయే. రంగు దాని క్రింద, అద్దము వెనుకనున్న పటమువలె, భద్రముగా నుండును.

ఈ పొరలన్నియు కలిసి సాధారణముగా 100 మొదలు 140 మైక్రానుల మందముండును. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ భాగము. అందు క్లియర్ కోటు వంతు సుమారు 35 మొదలు 50 మైక్రానులు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. కాబట్టి లక్షలు పోసి కొన్న కారు మెఱుగంతయు వెండ్రుకకంటె పలుచనగు పొరమీద ఆధారపడియున్నది. ఈ సంగతిని మఱువకుడు. పాఠమంతయు దీనిచుట్టునే తిరుగును.

పూర్వము గుఱ్ఱపుబండ్లకును, తొలినాటి మోటారులకును వార్నిషు పూసి ఆరబెట్టుటకు వారములు పట్టెడిది. 1923లో అమెరికాలో డ్యూపాంటు కంపెనీవారి డ్యూకో యను నైట్రోసెల్యులోజు రంగును ఓక్లండు కార్లకు వేసిరి. అది త్వరగా ఆరునదగుటచే కార్ల తయారీలో గొప్ప మార్పు వచ్చెను. ఆ డ్యూకో రంగులనే తరువాత మన నిర్మల చిత్రకారులు కొయ్యపై బొమ్మలు వ్రాయుటకు చేపట్టిరి. మోటారుబండి రంగు మన తెలుగు చిత్రకళలోనికి వచ్చుట చిత్రముగదా! రంగుపైన క్లియర్ కోటు వేయు పద్ధతి 1980 తరువాత లోకమున విరివిగా వ్యాపించెను. పాతపద్ధతి బండికి పాలిషు పట్టినచో గుడ్డకు బండిరంగు అంటును; క్లియర్ కోటున్న బండికి పట్టినచో అంటదు. బండిమీద నున్న పూత ఎట్టిదో తెలిసికొనుటకు ఇదియొక సులభమైన పరీక్ష.

క్లియర్ కోటు మెఱుపుకొఱకు మాత్రమేగాదు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములను పీల్చుకొను ద్రవ్యములు దానిలో కలిపియుందురు. అది మిక్కిలి పలుచనైనయెడల ఎండ క్రింది పొరలను తాకి రంగు వెలియును. పిదప పైపొర పొలుసులు పొలుసులుగా లేచిపోవును.

గీతలు పుట్టు విధము

జర్మను దేశీయుడగు ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ఖనిజముల గట్టిదనమును ఒకటి మొదలు పదివఱకు వరుసపెట్టెను. గట్టి ఖనిజము మెత్తని దానిని గీయును. మెత్తనిది గట్టిదానిని గీయజాలదు. ఇదియే ఆ వరుసయొక్క సూత్రము. అందు వజ్రము 10, కురువిందము 9, మన యిసుకలో నుండు స్ఫటికశిల, అనగా క్వార్ట్జు, 7, సుద్దవలె మెత్తనగు టాల్కు 1. క్లియర్ కోటు ఒకవిధమగు రెసిను. ఇసుకరేణువు ముందు అది మిక్కిలి మెత్తనిది.

మన సీమయందు ధూళికి కొదువ లేదు. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లము. ఏండ్లు తెచ్చిన ఒండ్రుమట్టి ఇచ్చటి నల్లనేల. వానలో అది జిగటయై బండిచక్రములను పట్టుకొనును. ఎండలో పొడియై చేపలలారీల వెనుక మేఘమువలె లేచును. ఏలూరు దాటి చింతలపూడి దిక్కునకు పోయినచో ఎఱ్ఱమట్టి. నలుపైనను ఎఱుపైనను ఆ ధూళిలో కంటికి కానరాని యిసుకరేణువులు కలిసియేయుండును. ఆ ధూళి కారుపై పడినంతమాత్రమున గీత పడదు. పొడిగుడ్డతో దానిని తుడిచినప్పుడు, గుడ్డ రేణువును పట్టుకొని క్లియర్ కోటుపై ఈడ్చును, గీత పడును. అప్పుడు గుడ్డ కలము, ఇసుక పాళీ, కారు కాగితము. పాత బనియను, నేలబడిన గుడ్డ, ఒకే బకెట్టు నీటిలో మరల మరల ముంచిన స్పాంజి, బురద పట్టిన బ్రష్షు, ఇవన్నియు ఇట్టి కలములే.

ఏల గుండ్రముగా కనబడును?

గుండ్రముగా తుడుచుటచేతనే గుండ్రని గీతలు పడునని పెక్కుమంది యనుకొందురు. ఇది పొరపాటు. మీ యింట నొక ప్రయోగము చేయుడు. ఎన్నో యేండ్లుగా తోముచున్న స్టీలు కంచమును తీసికొనుడు. గదిలో చీకటి చేసి, ఒక చిన్న టార్చిలైటును కంచముపైన పట్టుడు. వెలుతురు ప్రతిబింబము చుట్టును సన్నని వలయములు కనబడును. ఇపుడు కంచమును కదల్పక టార్చిని ప్రక్కకు జరుపుడు. వలయములు గూడ టార్చివెంట జరుగును! కంచముపై నిజముగా వలయములు గీయబడియున్నచో అవి యున్నచోటనే యుండవలెనుగదా? (ఈ ప్రయోగమును సూర్యునితో చేయరాదు, సూర్యుని ప్రతిబింబమును తేఱిపాఱ చూచుట కంటికి హాని.)

కారణమిది. కంచముమీద గీతలు అన్ని దిక్కులకును పడియున్నవి. ప్రతి గీతయు ఒక సన్నని కాలువవంటిది. దాని గట్లు తమకు అడ్డముగా వెలుతురును చిమ్మును. తమ పొడవువెంట చిమ్మవు. కాబట్టి దీపపు ప్రతిబింబమునకు అడ్డముగా పరుండిన గీతలు మాత్రమే మన కంటికి వెలుతురును పంపును. నిలువుగా నున్న గీతలు వెలుతురును వేఱుదిక్కునకు పంపి మనకు కానరాకుండును. ప్రతిబింబమునకు నలుప్రక్కల అడ్డముగా నున్న గీతముక్కలన్నియు కలిసి కంటికి వలయములుగా తోచును. గీతలు కారువి, వలయము వెలుతురుది. అందువలన, “గుండ్రముగా గాక తిన్నగా తుడిచితిని, నా తప్పు లేదు” అనువాని మాట చెల్లదు. తిన్నగా తుడిచినను గీత గీతయే.

మెఱుగనగా నేమి?

న్యూటను మహాశయుడు 1704లో ప్రకటించిన ఆప్టిక్స్ అను గ్రంథమున అద్దములకు మెఱుగుపెట్టుటను గూర్చి చర్చించెను. ఇసుకతోను ఇతర పొడులతోను రుద్దుటచే అద్దము నిజముగా సమతలమగుననుకొనరాదనియు, పెద్ద గీతలు పోయి వానిస్థానమున కంటికి కానరానంత చిన్నగీతలు ఏర్పడుననియు ఆయన గ్రహించెను. మనకు కనబడు వెలుతురు తరంగముల పొడవు సుమారు 0.4 మొదలు 0.7 మైక్రానుల వఱకు నుండును. గీతలు దానికంటె మిక్కిలి చిన్నవైనప్పుడు వెలుతురును చెదరగొట్టు శక్తి వానికి తగ్గిపోవును. అప్పుడా తలము అద్దమువలె కనబడును.

మెఱుగుపెట్టుట రెండువిధములు. మొదటిది పూతమెఱుగు. వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱ బొమ్మలను తరిమెనపట్టి, తిరుగుచున్న కొయ్యకు లక్కకడ్డీని ఆనింతురు. రాపిడివేడికి లక్క కరగి కొయ్యకంటును. పిదప మొగలియాకును అదిమి దానిని సమముగా పరచి నిగనిగలాడునట్లు చేయుదురు. ఇచ్చట ఒకపొర చేరుచున్నది. రెండవది కోతమెఱుగు. ఇచ్చట ఉన్నపొరలో కొంత తీయబడుచున్నది. గీత లోతు రెండు మైక్రానులని తలంపుడు. దాని చుట్టునున్న తలమును రెండు మైక్రానులు తగ్గించినచో గీత యుండుటకు చోటే యుండదు. గీతను చెఱిపితిమని యనుకొందుము గాని, నిజముగా చేసినది గీత అడుగువఱకు నేలను దించుట. కారుకు పాలిషు పట్టుట ఈ రెండవ తెగకు చేరినది.

ఈ పనికి వాడు పొడులలో ముఖ్యమైనది అల్యూమినియం ఆక్సైడు. ఇదియే కురువిందము, కెంపును నీలమును దీని రకములే. ఆంగ్లమున దీనికిగల కోరండం అను పేరు తమిళమునందలి కురుందము నుండి పుట్టినది. మన దేశపు పేరే సముద్రములు దాటి, పాలిషు డబ్బామీద మరల మనయింటికి వచ్చుచున్నది.

పాలిషు పట్టు క్రమము

ఈ పనిని నాకు చూపినవాడు ఒకప్పుడు నాయొద్ద పదవతరగతి చదివి, ఇప్పుడు ఏలూరులో ఈ వృత్తిచే జీవించుచున్న యువకుడు. అతడు చేసిన క్రమమునే చెప్పెదను.

మొదట కారును చక్కగా కడిగి ఆరబెట్టవలెను. పిదప, నీటికి పోని లోహపురజను, తారు మొదలగువానిని తీయుటకు, పిండిముద్దవలె మెత్తనగు క్లే అను పదార్థమును జారుడునీటితో తడిపి, ఒత్తకుండ పొరపై జరుపవలెను. అరచేతికి గరగర తగులని స్థితి వచ్చువఱకు ఇట్లు చేయవలెను. మురికిమీద పాలిషు పట్టుట గీతలకు విత్తులు చల్లుట వంటిది.

రెండవది పరీక్ష. గోరును గీతకు అడ్డముగా మెల్లగా నడుపవలెను. గోరు తట్టుకొన్నచో ఆ గీత మిక్కిలి లోతైనది. దానిని పాలిషుతో పూర్తిగా తీయజూచుట క్లియర్ కోటుకు ప్రమాదము. పొరల మందమును కొలుచు చిన్నయంత్రము గూడ కలదు. అది అయస్కాంతబలముచేత గాని, లోహమునందు పుట్టు విద్యుత్ప్రవాహముచేత గాని దూరమును కొలుచును. పొరలన్నిటి మొత్తమునే అది చెప్పును గాని, క్లియర్ కోటు ఒక్కటే యెంతయో చెప్పజాలదు. ప్లాస్టికు బంపరుమీద అది పనిచేయదు.

మూడవది కాపు. రబ్బరు పట్టీలకు, నల్లని ప్లాస్టికు భాగములకు, తలుపుల పదునైన అంచులకు కాగితపు టేపును అంటింపవలెను. అంచులమీద పొర సహజముగా పలుచన. యంత్రపు ఒత్తిడి అచ్చటనే ఎక్కువ.

నాలుగవది మచ్చుపని. కారంతయు మొదలుపెట్టక, రెండడుగుల చదరములో మాత్రము చేసి చూడవలెను. అన్నిటికంటె మృదువైన స్పాంజి ప్యాడును, సన్నని పాలిషును మొదట వాడవలెను. దానిచే గీతలు పోనిచో, కొంచెము గట్టి ప్యాడును, దానికిని లొంగనిచో కోత పాలిషును వాడవలెను. వైద్యుడు తక్కువ మందుతో మొదలుపెట్టునట్లు మనము తక్కువ కోతతో మొదలుపెట్టవలెను.

ఐదవది యంత్రపుపని. యంత్రములు రెండు తెఱగులు. ఒకటి ఒకే యిరుసుమీద గిరగిర తిరుగునది. ఇది త్వరగా కోయును గాని, ఒకేచోట నిలిపినచో వేడిపుట్టి పొర కాలును. నేర్పు చాలనిచేత క్రొత్త వలయరేఖలను పుట్టించును. రెండవది తిరుగుచునే అటునిటు ఊగునది. దాని ప్రతిబిందువును ఒకే దారిలో పోదు గనుక వేడియు గీతలును తక్కువ. నేర్చుకొనువారు దీనితోనే మొదలుపెట్టవలెను. ప్యాడుమీద నాలుగైదు బఠాణీగింజలంత పాలిషు నుంచి, యంత్రమును తలమునకు ఆనించిన పిదపనే నడపవలెను. సెకనునకు అంగుళము చొప్పున మెల్లగా, ప్రతిసారియు ముందటి జాడలో సగమును కప్పుచు, మొదట నిలువుగాను, పిదప అడ్డముగాను, దుక్కి దున్నినట్లు పోవలెను. ఒత్తిడి చాలునంతయే. చేతితో తాకి చూచినచో పొర గోరువెచ్చనిదానికి మించి వేడెక్కరాదు. ప్యాడును మాటిమాటికి దులిపి శుభ్రపఱుపవలెను.

ఆఱవది సత్యపరీక్ష. పాలిషులో నూనెలును, కొన్నిటిలో మైనమును ఉండును. అవి గీతలలో నిండి వానిని తాత్కాలికముగా కప్పును. అప్పుడు కారు పెండ్లికొడుకువలె కనబడును. నాలుగుమార్లు కడిగినంతనే గీతలు మరల తేలును. కావున నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, టార్చివెలుతురున చూడవలెను. అప్పుడును గీత కానరానిచో పని నిజముగా జరిగినది. ఇచ్చట ముందు చెప్పిన భేదమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కోతమెఱుగని చెప్పి పూతమెఱుగు నిచ్చి సొమ్ము పుచ్చుకొనుట మోసము. ఈ వృత్తిలోనికి పోవు మన బాలురు ఈ పరీక్షను కారుయజమాని యెదుటనే చేసి చూపవలెను.

చివరకు కాపుపూత. బ్రెజిలు దేశపు కార్నూబా తాటియాకులనుండి తీయు మైనమును గాని, కృత్రిమమగు ఇతర పూతలను గాని పలుచగా పట్టింపవలెను. ఇవి నీటిని మురికిని తొందరగా జారవిడుచును. గీతలనుండి కొంత కాచును. గీతలే పడనీయని పూత యేదియు లేదు.

పనిచేయువాడు కండ్లద్దములును, మూతికి గుడ్డయు ధరింపవలెను. తడినేలమీద నిలిచి విద్యుద్యంత్రము నడపరాదు. తీగకు చీలికలున్నచో అసలే ముట్టరాదు. కారు మెఱుగుకంటె మనిషి ప్రాణము విలువైనది.

తప్పెవరిది?

ఆ యువకుడు నా కారుచుట్టును టార్చి పట్టుకొని తిరిగి, “మాస్టారూ, దీనిని రోజును ఏమి చేయుచుందురు?” అని యడిగెను. “ఏమియు లేదు నాయనా, ప్రతి ఉదయమును బడికి పోవుటకుముందు పొడిగుడ్డతో దుమ్ము తుడుచుచుందును” అని గర్వముగానే చెప్పితిని. అతడు నవ్వి, నన్ను పీటమీద నిలువుమని పైకప్పును చూపెను. తలుపులమీద ఎన్ని గీతలున్నవో పైకప్పుమీదను అన్ని గీతలే! బానెట్టుమీద ఇంకను ఎక్కువ. “ఇవి ఒక్కనాటి గీతలు కావు మాస్టారూ, నెలల తరబడి పడినవి. కడిగినప్పుడు దుమ్ము పోయినందున మీకు కనబడినవి” అనెను.

“పైకప్పు నాకు అందలేదు” అన్న ఆ బాలుని మాట అప్పుడు నా చెవిలో మ్రోగెను. చేయి అందనిచోట గీతలు పడుటకు వాడు కారణమెట్లగును? తరగతిలో ఇరువదియేండ్లుగా “కారణము నరయక తీర్పు చెప్పకుడు” అని బోధించుచున్న నేనే, పరిశీలనకు పీటయెక్కక తీర్పు చెప్పితిని. వాని చేతిగుడ్డ కనబడెను. నా చేతిగుడ్డ నాకు కనబడలేదు.

కడుగు విధము

కావున అసలు విద్య పాలిషు పట్టుటలో లేదు. గీత పడకుండ కడుగుటలో నున్నది. నీడలో, బానెట్టు చల్లబడిన పిదప కడుగవలెను. మొదట ధారగా నీరు పోసి వదులుమట్టిని జార్పవలెను. అప్పటివఱకు గుడ్డ తాకింపరాదు. రెండు బకెట్లు పెట్టుకొనవలెను. ఒకదానిలో కార్లకై చేసిన సబ్బునీరు, రెండవదానిలో గుడ్డ జాడించుటకు మంచినీరు. పైకప్పునుండి మొదలుపెట్టి క్రిందికి రావలెను, చక్రములకు వేఱుగుడ్డ. నేలబడిన గుడ్డను మరల కారుకు తాకింపరాదు. మైక్రోఫైబరు తువ్వాలును పఱచి అద్ది నీటిని పీల్చవలెను. కిరోసిను, డీజెలు పూసి మెఱపించు నలవాటు మన యూళ్లలో కలదు. ఆ జిడ్డు ఒకనాటి మెఱుపునిచ్చి, పదినాళ్ల దుమ్మును పట్టుకొనును.

మన సీమకు ప్రత్యేకమగు జాగ్రత్తలు రెండు. ఒకటి నీరు. కొల్లేటిదిక్కున పెక్కుబోర్లలో ఉప్పునీరు, చౌటినీరు పడును. అది కారుమీద ఆఱినచో తెల్లని మచ్చలు నిలుచును. కావున వెంటనే తుడువవలెను. రెండవది పక్షులు. కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్సారు చిత్తడినేలల పట్టికలో చేరినది. ఆటపాక గూడబాతులను చూడ దూరప్రాంతములవారు వత్తురు. చెట్టుక్రింద కారునిలిపి పోయి వచ్చునప్పటికి రెట్టలు పడియుండును. ఎండలో మెత్తబడిన క్లియర్ కోటును ఆ రెట్ట తినివేయును. ఎండిన రెట్టను గీకినచో గీత గూడ పడును. తడిగుడ్డను దానిపై కొంతసేపు పఱచి, నానిన పిదప ఎత్తి తీయవలెను. పక్షిని తిట్టి ప్రయోజనము లేదు.

ఒక లెక్క

క్లియర్ కోటు 40 మైక్రానులని యనుకొందము. గట్టి పాలిషు పట్టిన ప్రతిసారి సుమారు 3 మైక్రానులు పోవునని యనుకొందము. ఎండనుండి కాపాడు శక్తి చెడకుండ నాలుగవ వంతుకు మించి తీయరాదని నియమము పెట్టుకొన్నచో, 10 మైక్రానులు మాత్రమే మనవి. అనగా కారు జీవితకాలమున మూడుసార్లే గట్టి పాలిషు. ఏటేట దసరాకు ఒకమారు, క్రిస్మసుకు ఒకమారు పాలిషు పట్టించువాడు రెండవయేడు ముగియకమునుపే ఆ హద్దును దాటును. పోసిన రంగును మరల పోయవచ్చును గాని, కార్ఖానాలో పడిన పొర మరల రాదు.

సెలవులు ముగిసి బడి తెఱచిన మొదటినాడు, ఏ తరగతిలో ఆ బాలుని మందలించితినో ఆ తరగతిలోనే, అందఱియెదుటను, “తప్పు నాది, నీది కాదు” అని చెప్పి క్షమింపుమంటిని. వాడు సిగ్గుపడి కూర్చుండెను. కొంతసేపటికి లేచి, “మాస్టారూ, మా యింటి అన్నపుకంచముమీద గూడ ఇట్టి వలయములే యున్నవి, దీపము జరిపినచో అవియు జరుగుచున్నవి” అనెను. పైన మీకు చెప్పిన ప్రయోగము వానిదే. మఱునాడు కంచమును తెచ్చి తరగతికంతటికి చేసి చూపెను.

కారును ఇప్పుడు వారమునకొకమారు ఇద్దఱము కలిసి కడుగుచున్నాము. పైకప్పు నాది, తలుపులు వానివి. బకెట్లు రెండు.

అభ్యాసము

1. స్టీలు కంచముతో పైప్రయోగము చేసి, టార్చిని జరుపునప్పుడు వలయములు ఏల జరుగునో బొమ్మగీసి వివరింపుడు.

2. పూతమెఱుగునకును కోతమెఱుగునకును భేదమేమి? మీ యింటివస్తువులనుండి ఒక్కొక్కదానికి రెండేసి యుదాహరణములిండు.

3. క్లియర్ కోటు 36 మైక్రానులు. ప్రతి పాలిషుకు 2 మైక్రానులు పోవును. నాలుగవ వంతు నియమము ప్రకారము ఎన్నిసార్లు పట్టవచ్చును?

4. మీరెవరినైన కారణము నరయక నిందించితిరా? దీనికి జవాబు వ్రాసి నాకు చూపనక్కఱలేదు; చూపవలసినవారికి చూపుడు.